ఇస్త్రీ బల్ల కింద

కార్తీకం వెళ్తూ వెళ్తూ
ఆకుల్ని వెంట తీసుకుపోయింది.
మొన్నటిదాకా గొడుగుల్లా నిలబడ్డ కలాడియాలు
కాడ మెత్తబడి, ఒక్కొక్కటే
కుండీ అంచు మీద తల వాల్చాయి.

మొదటేడు నేను చేసిన పని చెప్తే నవ్వుతారు.
దాహమేమోనని రెండు పూటలా నీళ్లు పోశాను.
దుంపలు కుళ్లి
నానిన సగ్గుబియ్యంలా చేతికంటుకున్నాయి.
సిద్ధాపుర నర్సరీ నంజుండప్ప ముందు
దోషిలా నిలబడితే
"సత్తిర్లిల్లమ్మా, మలగిత్తు" అన్నాడు.
చచ్చిపోలేదట. నిద్రపోయిందట.
పడుకున్నదాన్ని నీళ్లు పోసి చంపింది నేనే.

ఇప్పుడు తెలుసు.
ఆకు వాలిందంటే చెంబు పక్కన పెట్టాలి.
మట్టి పొడిపొడి అయ్యేదాకా
ఊరికే ఉండాలి.
అదే కష్టం. పదమూడేళ్లకే మిషను తొక్కినదాన్ని,
ఊరికే ఉండటం నాకెవరు నేర్పారు?

బసవనగుడి కడలెకాయ పరిషె వారం
దుంపలు తవ్వుతాను.
పరిషెలో కొన్న కాయలు ఒక పేపరు మీద,
ఇవి ఇంకో పేపరు మీద, నీడలో.
రెండింటికీ ఒకటే మట్టి వాసన.
షాపులో కాజాలు కుట్టే రూబీనా
చూడకుండా ఒకదాన్ని నోటి దాకా తీసుకెళ్తే
చెయ్యి పట్టి లాగాను.
చామదుంపకు చుట్టమే ఇది, కానీ కూరకు రాదు,
నాలుకంతా గోకి పెడుతుంది.

ఎండిన వేళ్లు రాల్చి
గాటు పడ్డచోట బూడిద అద్ది
పాత కొలతల చీటీల్లో చుడతాను.
ఛాతీ ముప్పైయారు, చెయ్యి తొమ్మిది,
వెనక మెడ లోతు, "కొంచెం లూజు".
మొక్కల అసలు పేర్లు నాకు రావు గనక
చీటీ మీది పేర్లే ఖాయం.
తెల్లాకు మీద పచ్చ ఈనెలది వరహాలమ్మ.
ఎర్ర చుక్కలు చిమ్మినట్టుండేది ఫిలోమినా.

చెప్పుల డబ్బాలో రంపంపొట్టు,
పొట్టులో పొట్లాలు,
డబ్బా ఇస్త్రీ బల్ల కింద.
డిసెంబరులో బెంగళూరు రాత్రి
టేపు పెట్టి మరీ ఎముకలు కొలుస్తుంది.
ఫ్రిజ్జులో పెట్టమంది ఎదురు షాపావిడ.
అయ్యో, చలికే కదమ్మా అవి పోయేది!
పగలంతా కాలిన ఇస్త్రీపెట్టె వేడి
చెక్కలోంచి మెల్లగా కిందికి దిగుతుంది,
నా పాదాలకింత, వాటికింత.

నెలకోసారి మూత తీసి
బొటనవేలితో నొక్కి చూస్తాను.
గట్టిగా ఉంటే అదే జవాబు.

ఫిలోమినా క్రిస్మస్‌కి కావాలని
ఎర్ర పట్టు ఇచ్చి వెళ్లింది.
క్రిస్మస్ వెళ్లింది.
ఫోన్ చేస్తే ఆ నంబరు లేదని
కన్నడలో ఎవరో అమ్మాయి చెప్పేది.
హ్యాంగరు మీది జాకెట్టుకి
నేను వారానికోసారి దుమ్ము దులిపాను.

మార్చి చివర మామిడి జల్లు పడ్డ మర్నాడు
డబ్బా తీస్తే
"చెయ్యి తొమ్మిది" అన్న అంకెని పొడుచుకుని
గులాబీ రంగు మొలక.
కన్ను పైకి చూసేలా నాటాలంటారు.
కంగారులో ఒకటి తలకిందులుగా పెట్టాను.
అదీ వచ్చింది,
చుట్టు తిరిగి, పన్నెండు రోజులు ఆలస్యంగా.

జూన్‌లో ఫిలోమినా వచ్చింది.
తలకి స్కార్ఫు. ఆలస్యానికి డబ్బు ఎక్కువిస్తానంది.
"కొలతలు మళ్లీ తీసుకో.
ఎడమ పక్క గుడ్డ తగ్గించి
లోపల ప్యాడ్ పెట్టు" అంది,
బటన్లు ముందుకా వెనక్కా అన్నంత మామూలుగా.
నేను టేపు తీశాను. రాసుకున్నాను.
పాత చీటీ ఏమైందని అడగలేదు,
నేనూ చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ
గుమ్మం పక్క కుండీ దగ్గర ఆగింది.
వెలుగు ఆకులోంచి అటు దూకి
ఆమె చేతి మీద ఎర్ర చుక్కలు పెడుతోంది.
"ఇంత పల్చగా ఉందే, ప్లాస్టిక్కా?"
"గిల్లి చూడు" అన్నాను.
అంచున గోరంత గిల్లింది.
వేలి మీది తడి చూసుకుని
చీర కొంగుకి తుడుచుకోబోయి,
ఎందుకో, ఆగిపోయింది.